ఇన్‌టేక్‌లోంచి ఇంజన్‌లోకి స్ప్రింగ్ వాషర్ పడింది, హెడ్ ఎత్తకుండా తీయొచ్చా?

గూడెం_శివ (తాడేపల్లిగూడెం), రాత్రి 8:40

అన్నలందరికీ నమస్కారం. బండి టాటా 2518, పది టైర్లది. ఇంజన్ కమ్మిన్స్ 5.9, ఆరు సిలిండర్లు, మెకానికల్ పంపు. టర్బో గాలి హెడ్‌లోకి, అంటే సిలిండర్ల మీద బిగించిన పై భాగంలోకి, దిగే చోట పైన మూత ఉంటుంది కదా, దాని ప్యాకింగ్ పోయి గాలి లీకవుతోంది. లోడు మీద ఎత్తెక్కితే నల్లపొగ, పికప్ లేదు. ప్యాకింగే కదా అని సాయంత్రం నేనూ మా తమ్ముడూ మొదలుపెట్టాం. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్ పైపులు విప్పాం, మూత బోల్టులు విప్పాం, మూత ఎత్తాం. ఎత్తేటప్పుడు దాని అంచుకి జిడ్డుతో అంటుకున్న స్ప్రింగ్ వాషర్ ఒకటి ఊడి లోపల పడింది. టింగ్ మని ఒకసారి, వెంటనే ఇంకా లోతులోంచి ఇంకోసారి చప్పుడు వినిపించింది. 8 మి.మీ. బోల్టు వాషరు అది, ఒకచోట కోసి ఉండే ఉక్కు రింగు. టార్చి వేసి ఎంత చూసినా కనిపించడం లేదు. మూడో పోర్టు, అంటే మూడో సిలిండర్‌కి గాలి దిగే రంధ్రం, దగ్గర పడిందని తమ్ముడు అంటున్నాడు, నాకు నమ్మకం లేదు.

ఎల్లుండి పొద్దున కాకినాడ పోర్టుకి బియ్యం లోడు ఒప్పుకున్నాను. హెడ్ ఎత్తితే ఆ లోడు పోయినట్టే. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

సూర్యాపేట_ఓనర్ (సూర్యాపేట), రాత్రి 8:52

అన్నా, చిన్న వాషరే కదా. మూత బిగించి సెల్ఫ్ కొట్టు. పొగతోపాటు సైలెన్సర్‌లోంచి అదే బయటికి పోతుంది. మా దగ్గర ఒక డ్రైవర్ అట్లనే చేసిండని విన్న.

ఆటోనగర్_మేస్త్రి (విజయవాడ), రాత్రి 8:58

శివా, ముందు నేను చెప్పేది చెయ్యి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పక్కన పెట్టు. బండి గేర్లో ఉంటే న్యూట్రల్‌కి తెచ్చి, చక్రాలకి దిమ్మలు పెట్టు. ఎవరైనా బండిని తోస్తే ఇంజన్ తిరుగుతుంది. తాళం చెవి నీ జేబులో ఉండాలి. ఫ్యాన్ కూడా చేత్తో తిప్పొద్దు.

సూర్యాపేట తమ్ముడూ, కోపం తెచ్చుకోకు, నువ్వు చెప్పింది చాలా ప్రమాదం. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు దాని అంచుకీ హెడ్‌కీ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఆ వాషర్ మందం రెండు మిల్లీమీటర్లు. పైగా అది స్ప్రింగ్ స్టీలు, నలగదు. పిస్టన్ తలమీదో హెడ్‌మీదో దిగబడుతుంది, లేకపోతే ముక్కలై ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు కింద ఇరుక్కుంటుంది. బయటికి పోయినా మధ్యలో టర్బో ఫ్యాను ఉంది. ఆ రెక్కలకి తగిలాక ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అనంతపురం_పద్మ (అనంతపురం), రాత్రి 9:10

మేస్త్రి గారు చెప్పింది అక్షరాలా నిజం. నాన్నగారి రెండు లారీల లెక్కలు నేనే చూస్తాను. నాలుగేళ్ల కిందట ఒక షెడ్డులో టర్బో మార్చినప్పుడు గాలి పైపులో ఒక నట్టు మర్చిపోయారు. ఊరు, షెడ్డు పేరు ఇక్కడ అవసరం లేదు. స్టార్ట్ చేయగానే సుత్తితో కొట్టినట్టు టకటక చప్పుడు. అర నిమిషంలో ఆపేశారు. ఆ అర నిమిషానికి ఒక పిస్టన్, రెండు వాల్వులు, ఒక నాజిల్, కొత్తగా వేసిన టర్బో, అన్నీ పోయాయి. బోరు, అంటే సిలిండర్ లోపలి గోడ, గీత పడింది. బండి 21 రోజులు షెడ్డులోనే ఉంది. కిస్తీ మాత్రం ఆగలేదు.

శివ గారూ, ఒక్క లోడు పోతే పోనివ్వండి. ఇంజన్ నిలిస్తే లోడ్లు వస్తూనే ఉంటాయి.

సూర్యాపేట_ఓనర్, రాత్రి 9:14

తప్పే అన్నా, వాపస్ తీసుకుంటున్న. విన్న మాట చెప్పిన, చూసింది కాదు.

గోదారి_డ్రైవర్ (రాజమండ్రి), రాత్రి 9:20

కింద ఆయిల్ ఉండే చాంబర్‌లోకి పడిపోయి ఉండొచ్చు కదా? ఆయిల్ ప్లగ్గు విప్పి చూస్తే సరిపోతుందేమో.

ఆటోనగర్_మేస్త్రి, రాత్రి 9:31

మంచి ప్రశ్న. ఏది ఎక్కడ పడితే ఎక్కడికి పోతుందో తెలియకే చాలామంది కంగారు పడతారు. రాకర్ కవర్, అంటే వాల్వ్ స్ప్రింగుల మీది మూత, కింద పడిన వస్తువైతే, వాల్వ్ లాక్ లాంటిది, పుష్ రాడ్ల రంధ్రాల్లోంచి టాపెట్ల మీదికి, అక్కడినుంచి చాంబర్‌లోకి దిగొచ్చు. శివ వాషర్ పడింది గాలి దారిలో. గాలి దారి కింద వాల్వ్, వాల్వ్ కింద సిలిండర్, అంతే. పిస్టన్ దాటి చాంబర్‌లోకి పోవడం జరగని పని.

కాబట్టి రెండే అవకాశాలు. మూసి ఉన్న ఇన్‌టేక్ వాల్వ్ వీపు మీద కూర్చుని ఉండాలి, లేదా తెరిచి ఉన్న వాల్వ్ పక్కనుంచి జారి పిస్టన్ మీద పడి ఉండాలి. ఆరు సిలిండర్ల ఇంజన్ ఎక్కడ ఆగినా ఒకటో రెండో ఇన్‌టేక్ వాల్వులు తెరిచే ఉంటాయి. శివా, నువ్వు రెండు చప్పుళ్లన్నావు. మొదటిది పోర్టు గోడది, రెండోది పిస్టన్‌ది అనుకుంటున్నాను. నీ ఇంజన్‌కి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో రాకర్ కవర్ ఉంటుంది. ఆరూ విప్పి, ఏ ఇన్‌టేక్ స్ప్రింగ్ కిందికి నొక్కుకుని ఉందో చూసి చెప్పు. విప్పే ముందు ఆరు పోర్టుల్లో గుడ్డలు కుక్కు. పెద్ద గుడ్డలు, కొసలు బయటికి వేలాడేలా. ఎన్ని పెట్టావో రాసుకో.

గూడెం_శివ, రాత్రి 10:25

విప్పాను మేస్త్రి గారూ. మూడో సిలిండర్ ఇన్‌టేక్ బాగా నొక్కుకుని ఉంది. అయిదోది కొంచెం, అంటే గోరు మందం. మిగతా నాలుగూ పైకే ఉన్నాయి.

ఆటోనగర్_మేస్త్రి, రాత్రి 10:33

సరిగ్గా సరిపోయింది. ఈ ఇంజన్ ఫైరింగ్ వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి మండే వరుస, 1-5-3-6-2-4. అయిదోది గాలి పీల్చడం ముగించి మూస్తోంది, మూడోది సగం పీల్పులో ఉంది. అయిదో దాని సందులోంచి వాషర్ దూరదు. మీ తమ్ముడు చెప్పిందే నిజం, మూడో సిలిండర్‌లో ఉంది. పిస్టన్ సగం కిందికి, పై నుంచి సుమారు ఆరేడు సెంటీమీటర్ల లోతులో ఉంటుంది.

ఇప్పుడు బాగా విను. ఆ వాషర్ ఏ తలుపులోంచి లోపలికి పోయిందో ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది. నువ్వు ఇంజన్ తిప్పనంత కాలం తెరిచే ఉంటుంది. నాజిల్ రంధ్రంలోంచి అది రాదు, రంధ్రం చిన్నది. వాల్వ్ తెరుచుకున్న సందు సెంటీమీటరుకి కొంచెం తక్కువే అయినా, వాషర్ అడ్డంగా పడుకుంటే రెండు మిల్లీమీటర్లే. పోయిన దారినే రావాలి. ఈ రాత్రికి ఇంక ముట్టుకోకు. పొద్దున ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా కొను, 5.5 మి.మీ. మందం ఉండేది. లావుది కొంటే నాజిల్ రంధ్రంలో పట్టదు.

దమ్మాం_మెకానిక్ (జగిత్యాల, ఇప్పుడు దమ్మాం), రాత్రి 11:05

శివన్నా, నేను ఇక్కడ సౌదీల ట్రైలర్ల వర్క్‌షాపుల పన్నెండేండ్ల నుంచి చేస్తున్న. మేస్త్రి గారి మాటకి కొన్ని కలుపుతున్న.

మొదలు, ఆ మూతకున్న ఇంకో వాషర్ తీసి అయస్కాంతం పెట్టి చూడు. అంటుకుంటే నీ పని సగం అయినట్టే. రాగి, అల్యూమినియం, కొన్ని రకాల స్టెయిన్‌లెస్ అయితే అంటుకోవు. అప్పుడు కడ్డీ మొనకి గట్టి గ్రీజు పెట్టి అద్దుకుని తీయాలి.

రెండోది, మార్కెట్‌ల దొరికే పొడుగు అయస్కాంతం పుల్లని అట్లనే లోపలికి పంపితే నీకు పిచ్చి లేస్తది. హెడ్డు పోత ఇనుముది. అయస్కాంతం పోయిన చోటల్లా గోడకే అతుక్కుంటది, వాషర్ దగ్గరికి పోనే పోదు. దానికి ప్లాస్టిక్ గొట్టం తొడగాలి. మొన ఒక్కటే గొట్టం అంచుతో సమంగ కనపడాలి, పక్కలు మూసుకోవాలి. అప్పుడు గోడకి పట్టకుంట జారుకుంట పోతది. వైర్ల మీద వేడి చేసి బిగించే స్లీవ్ ఉంటది, అదైతే ఇంకా మంచిది.

మూడోది, రెండు అయస్కాంతాలు చేసుకో. ఒకటి సన్నది, నాజిల్ రంధ్రంలోంచి దింపడానికి. ఇంకోటి వంగేది, పోర్టులోంచి వాల్వ్ పక్కకి పంపడానికి. సన్నదాంతో వాషర్‌ని పైకి లేపి వాల్వ్ సందు దగ్గర చూపిస్తే, రెండోది అందుకుంటది. రెండోది బలమైనదై ఉండాలి, లేకుంటే మొదటిది ఇడవదు. ఒక్కరితోని అయ్యే పని కాదు, తమ్ముణ్ని కూర్చోబెట్టుకో.

గుంటూరు_హెడ్_లేత్ (గుంటూరు), రాత్రి 11:20

గాలి కొట్టి ఎగరగొట్టే ఆలోచన వస్తే మానుకోండి. కంప్రెసర్ గాలికి వాషర్ ఏ మూలకి పోతుందో చెప్పలేం, పోర్టులోంచి ఎగిరితే మొహానికే. కన్ను పోగొట్టుకున్న మనిషిని చూశాను.

రేపు సాయంత్రానికి రాకపోతే మాత్రం మొండికేయకుండా హెడ్ ఎత్తండి. ముందు నీళ్లు పూర్తిగా దించాలి, లేదంటే ఎత్తగానే అన్ని బోర్లలోకి పోతాయి. హెడ్ బరువుకి ఇద్దరు మనుషులు తప్పనిసరి. పాత హెడ్ బోల్టులు సాగాయేమో గేజుతో కొలిపించకుండా మళ్లీ వాడొద్దు. ఈ ఇంజన్‌కి విడిగా లైనర్లు, అంటే తీసి మార్చే సిలిండర్ గొట్టాలు, లేవు, బోరు బ్లాకులోనే తొలిచి ఉంటుంది. గీత పడితే లైనర్ మార్చి సర్దుకునే వీలు లేదు, బోరు పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలి. అందుకే కడ్డీలు, స్క్రూడ్రైవర్లు లోపల పెట్టి గెలకొద్దు.

గూడెం_శివ, మర్నాడు ఉదయం 11:50

ఫోన్ల షాపులో కెమెరా 850 రూపాయలకి దొరికింది. ఇంకో వాషర్‌కి అయస్కాంతం పట్టుకుంది. మూడో నాజిల్ జాగ్రత్తగా లాగాను, కింద రాగి వాషర్ కూడా దాంతోనే వచ్చింది.

కెమెరా దింపగానే కనిపించింది! పిస్టన్ నడుమ గిన్నెలాంటి గుంట ఉంటుంది కదా, అందులో ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉంది. చుట్టూ మసి నల్లగా, అది ఒక్కటే చంద్రవంకలా మెరుస్తోంది. కోసిన చోటు కూడా స్పష్టంగా కనిపిస్తోంది. చూసేసరికి ప్రాణం లేచొచ్చింది.

కానీ గంటన్నర నుంచి పట్టుకుంటున్నాం, రావడం లేదు. సన్న అయస్కాంతానికి అంటుకుంటోంది, పైకి లేస్తోంది, వాల్వ్ తల అంచుకి తగిలి మళ్లీ పడిపోతోంది. ఏడుసార్లు పడింది.

ఐటీఐ_కుర్రాడు (కాకినాడ), మధ్యాహ్నం 12:05

నమస్తే సార్, నేను డీజిల్ మెకానిక్ ట్రేడ్ చదువుతున్నాను. ఇంజన్ చేత్తో నెమ్మదిగా తిప్పి పిస్టన్‌ని ఇంకొంచెం పైకి తెస్తే వాషర్ దగ్గరవుతుంది కదా?

ఆటోనగర్_మేస్త్రి, మధ్యాహ్నం 12:14

బాబూ, ఆలోచన బాగుంది, కానీ ఇక్కడ పనికిరాదు. ముందుకి తిప్పితే పిస్టన్ ఇంకా కిందికే పోతుంది, ఆ తర్వాత వాల్వ్ మూసుకుంటుంది. వెనక్కి తిప్పితే పిస్టన్ పైకొస్తుంది గానీ దాంతోపాటే వాల్వ్ కూడా మూతపడుతూ వస్తుంది. దగ్గరయ్యేకొద్దీ తలుపు సన్నబడుతుందన్నమాట. తిప్పుతుంటే వాషర్ గిన్నెలోంచి కదిలి అంచుకొచ్చిందా, ఇంక ఇరుక్కోవడమే. ఇప్పుడున్న చోటే అన్నిటికంటే మేలు.

శివా, వాల్వ్ అంచుకి తగులుతోందంటే నువ్వు వాషర్‌ని నిలువుగా పట్టుకుంటున్నావు. అయస్కాంతం దాని అంచుకి కాదు, చదునైన ముఖానికి అంటాలి. కిందనే వదిలి, గిన్నెలో చదునుగా పడుకోబెట్టి, పై ముఖానికి పట్టు. లేపేటప్పుడు పోర్టు వైపు నుంచి రెండోది ముందే కాచుకుని ఉండాలి. వాల్వ్ తల వెనక నుంచి కాదు, నాజిల్ వైపుకి దగ్గరగా ఉన్న పక్క నుంచి దింపు.

దమ్మాం_మెకానిక్, మధ్యాహ్నం 12:40

అన్నా, రెండో అయస్కాంతం ఏ సైజుది? పాత స్పీకర్‌లోదా?

గూడెం_శివ, మధ్యాహ్నం 12:48

పుల్ల కొనకి వచ్చిందే వాడుతున్నాను. రెండూ ఒకటే సైజు.

దమ్మాం_మెకానిక్, మధ్యాహ్నం 12:52

అదే తప్పు. రెండూ సమానంగ గుంజితే ఏదీ గెలవదు. పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్క్ ఉంటే విప్పు. లోపల చిన్న అయస్కాంతం ముక్కలుంటయి, చాలా గట్టివి. ఒక ముక్క పోర్టులో పట్టేంత ఉంటే వంగే తీగ కొనకి గట్టిగ కట్టి, పైన స్లీవ్ వేయి. తీగ నుంచి ఊడి అది కూడ లోపల పడితే ఇంకో కథ, కాబట్టి కట్టినంక గుంజి చూసుకో. బయట ఇనప ముక్క మీద పది సార్లు ప్రాక్టీస్ చేసినంకనే లోపలికి దింపు.

గూడెం_శివ, సాయంత్రం 4:35

వచ్చింది!! అన్నలూ, వచ్చేసింది!

కంప్యూటర్ రిపేరు షాపులో పాత డిస్క్ అడిగితే ఊరికే ఇచ్చారు. తమ్ముడు కెమెరా ఉన్న ఫోన్ పట్టుకుని చెబుతుంటే నేను కింద పుల్ల పట్టుకున్నాను, మా బావ పోర్టులోంచి తీగ దింపాడు. మూడోసారికి పట్టుకుంది. టక్ మని చిన్న చప్పుడు, నా చేతిలో పుల్ల ఒక్కసారిగా తేలికైంది. బావ ఊపిరి బిగబట్టి అంగుళం అంగుళం లాగాడు. వాల్వ్ కాడ దగ్గర ఒకసారి ఆగింది. కొంచెం తిప్పాడు, కదిలింది. తీగ మొన బయటికొచ్చేసరికి దానికి వాషర్ అతుక్కుని ఉంది, మసి, ఆయిలు పూసుకుని. మా అమ్మ కొబ్బరికాయ కొట్టడానికి లోపలికి పరిగెత్తింది.

ఇప్పుడు బిగించేయనా?

ఆటోనగర్_మేస్త్రి, సాయంత్రం 4:41

శుభం. ఇప్పుడే తొందరపడొద్దు. వాషర్‌ని కిరోసిన్‌లో కడిగి, ఇంకో కొత్త వాషర్ పక్కన పెట్టి చూడు. కోసిన రెండు కొసలూ పూర్తిగా ఉన్నాయా? మూల ఎక్కడైనా చిట్లిందా? మిల్లీమీటరు ముక్క తక్కువున్నా అది లోపలే ఉన్నట్టు లెక్క. అలాగే విప్పిన బోల్టులెన్ని, వాషర్లెన్ని, ఒక పళ్లెంలో పరిచి లెక్కపెట్టు. రెండు చప్పుళ్లు విన్నావు, రెండు వాషర్లు పడలేదని ఖాయం చేసుకోవాలి కదా.

గూడెం_శివ, సాయంత్రం 5:10

కొసలు రెండూ పదునుగా, పూర్తిగా ఉన్నాయి. ఎక్కడా చిట్లలేదు. బోల్టులకీ వాషర్లకీ లెక్క సరిపోయింది. గుడ్డలు ఆరు పెట్టాను, ఆరూ తీశాను. కెమెరాతో మూడోదంతా మళ్లీ చూశాను. ఏడుసార్లు పడిన చోట గిన్నెలో మసి రాలి చిన్న చుక్కలు కనిపిస్తున్నాయి. గీత లేదు, గుంట లేదు. అయిదో పోర్టు కూడా చూశాను, ఖాళీ.

ఆటోనగర్_మేస్త్రి, సాయంత్రం 5:22

ఇంక బిగించు. మూడో నాజిల్‌కి కొత్త రాగి వాషర్ వేయి, పాతది వద్దు. మూతకి కొత్త ప్యాకింగ్ పెట్టు. అన్నీ అయ్యాక, బ్యాటరీ పెట్టకముందే, ఇంజన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పు. ప్రతి వాల్వ్ ఒకసారి తెరిచి మూసుకోవాలంటే క్రాంకు రెండు చుట్లు తిరగాలి. కంప్రెషన్ బిగువు మెత్తగా వచ్చి మెత్తగా పోతుంది, అది మామూలే. రాయికి కొట్టుకున్నట్టు ఠక్కున ఆగితే మాత్రం బలవంతం చేయకు. ఆ తర్వాత పంపు స్టాప్ లివర్ లాగి పట్టుకుని నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టు, డీజిల్ లేకుండా తిరగాలి. చప్పుడు బాగుంటే నాజిల్ పైపుల నట్లు వదులు చేసి, ఎయిర్ తీసి, అప్పుడు స్టార్ట్ చెయ్యి.

గుంటూరు_హెడ్_లేత్, సాయంత్రం 5:40

స్టార్ట్ అయ్యాక ఆ మూత చుట్టూ సబ్బు నీళ్లు పూసి, ఎవరైనా యాక్సిలరేటర్ నొక్కుతుంటే చూడండి. బుడగ వస్తే ప్యాకింగ్ సరిగా కూర్చోలేదని. ఇంత కష్టపడింది ఆ లీకు కోసమే కదా.

గూడెం_శివ, రాత్రి 8:15

స్టార్ట్ అయింది. మొదట మూడు నాలుగు దగ్గులు దగ్గింది, తెల్ల పొగ వచ్చింది, తర్వాత సర్దుకుంది. అర గంట నడిపాను, టక్ అన్న చప్పుడు లేదు. బుడగలు లేవు. నిడదవోలు దాకా ఖాళీ బండి వేసుకుని వెళ్లొచ్చాను, పికప్ వచ్చింది.

మేస్త్రి గారూ, మీరు నిన్న రాత్రి బ్యాటరీ తీయమనకపోతే నేను ఒక్కసారైనా సెల్ఫ్ కొట్టేవాణ్నే. తమ్ముడు తాళం చెవి పట్టుకుని కేబిన్‌లో కూర్చుని ఉన్నాడు అప్పటికే.

ఐటీఐ_కుర్రాడు, రాత్రి 8:40

సార్, ఇది అసలు జరగకుండా ఏం చేయాలో కూడా చెప్పరా? మా క్లాసులో ఈ విషయం ఎవరూ చెప్పలేదు.

దమ్మాం_మెకానిక్, రాత్రి 9:02

తమ్మీ, మూత లేపకముందే బోల్టులు, వాషర్లు అన్నీ తీసి డబ్బాల వేయాలె. వాషర్ జిడ్డుకి అంటుకుంటే మూత మీద ఉండంగనే అయస్కాంతంతో తుడువు. చుట్టూ మట్టి ఉంటే ముందే కడుగు, అది కూడ లోపలికే పోతది. మూత లేపిన మరు క్షణమే పోర్టులు మూయి. తిరిగి బిగించేటప్పుడు సాకెట్ లోపల చిటికెడు గ్రీజు పెడితే బోల్టు జారదు. చొక్కా జేబుల పెన్నులు, నట్లు పెట్టుకుని ఇంజన్ మీద వంగకు.

ఆటోనగర్_మేస్త్రి, రాత్రి 9:15

ఇంకొకటి. గుడ్డలు రంగువి వాడు, ఎర్రవైతే మేలు. మసిగుడ్డ నల్ల పోర్టులో పెడితే కనపడదు. గుడ్డ మర్చిపోయి మూత బిగించిన బండ్లు కూడా నా దగ్గరికి వచ్చాయి.

అనంతపురం_పద్మ, రాత్రి 9:30

శివ గారూ, చాలా సంతోషం. ఆ కెమెరా, రెండు అయస్కాంతాలు బండి టూల్ బాక్సులోనే ఉంచండి. నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. రేపే ఒక కెమెరా తెమ్మన్నారు.

గూడెం_శివ, మర్నాడు ఉదయం 6:20

లోడింగ్ పాయింటులో ఉన్నాను. బస్తాలు ఎక్కుతున్నాయి. సామర్లకోట మీదుగా వెళ్తున్నాను, సాయంత్రానికి పోర్టు గేటు దగ్గర ఉంటాను. ఐటీఐ తమ్ముడూ, మీది కాకినాడ అన్నావు కదా, వీలైతే గేటు దగ్గరికి రా. ఆ వాషర్ నా దగ్గరే ఉంది, ఫోన్‌లో వీడియో కూడా ఉంది, చూపిస్తాను.